పరిశీలనలో ఉన్న బండి

మా ఆడపడుచు భర్త ఇంతవరకూ దేన్నీ బాగుందని అనలేదు. అలాగని బాగాలేదనీ అనరు. అలా అనే మనుషులతో నిజానికి పెద్ద ఇబ్బంది ఉండదు. ఆయన "చూడాలి" అంటారు. అన్నాక చూస్తారు. ఆయన ఉద్యోగమే చూడటం. గుద్దుకున్న బండ్లు, వరదలో మునిగిన బండ్లు, వాటంతటవే కాలిపోయాయని యజమానులు చెప్పే బండ్లు ఎక్కడున్నా బీమా కంపెనీ తరఫున వెళ్లి, అవి నిజంగా గుద్దుకున్నాయా, నిజంగా మునిగాయా, నిజంగా వాటంతటవే కాలాయా అని తేల్చే సర్వేయరు ఆయన. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ కళ్లే ఉంటాయి కదా, వేరే కళ్లు ఉండవు. వాళ్ల పెళ్లి ఫొటోలు వచ్చినప్పుడు ఆయన వాటిని దీపం కింద పెట్టి చూసి, ఇందులో ఉన్నది నేనే అనడానికి ఆధారం ఏమిటని అడిగారని మా అత్తగారు చెబుతారు. మా అత్తగారు ఏ సంగతైనా కాస్త కలిపి చెబుతారు. కాస్తే.

అలాంటి మనిషి మా పాత కారును చూడటానికి ఆదివారం వస్తానని కబురు చేశారు.

సంగతి ఇది. మా ఆడపడుచుకి ఉద్యోగం వచ్చింది. ఊరికి తాగునీరు శుద్ధి చేసి పంపే కేంద్రంలో, నీటి నమూనాలు పరీక్షించే ల్యాబులో. నేనూ ఆమే ఒకే సబ్జెక్టు చదివాం. ఆ చదువుతో నేను బట్టల మీద మరకలు ఏవి దేనితో పోతాయో తెలుసుకున్నాను. ఆమె పాప పుట్టాక అదీ మానేసింది. పాప బడికి వెళ్లడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి, చేరకపోతే తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆ కేంద్రం ఊరి బయట, జలాశయం వెనక ఉంది. కంకర లారీలు తిరిగే మట్టిరోడ్డు తప్ప దానికి వేరే దారి లేదు. పొద్దున షిఫ్టు మొదటి బస్సు కంటే ముందే మొదలవుతుంది. కాబట్టి కారు ఉండాలి. కారు నడపడం ఆమెకి వచ్చు.

మా ఆయన ఆఫీసు ఇంటికి నడిచివెళ్లేంత దగ్గరికి మారాక మా కారు వాకిట్లో ఎండకి ఎండి, వానకి తడిసి, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. దాన్ని చెల్లెలు వాడుకోవచ్చని మా ఆయన అన్నారు. ఆయన ఇలా ఇచ్చేయడం నేను ఎప్పుడో గాని చూడను. దానికి సర్వేయరుగారు, ఉద్యోగానికి నేనెందుకు అడ్డు చెబుతాను, పాత బండి కదా, అంత దూరం, ఆ రోడ్డు మీద, ఒక్కత్తే వెళ్లాలి, బండి చూడాలి అన్నారు.

మా ఆడపడుచు ఫోనులో ఈ మాట నాకు చెప్పింది.

"అయితే అయిపోయినట్టే కదా వదినా," అంది.

అలా ఎందుకనుకుంటావు, చూసి బాగుందనచ్చు కదా అన్నాను. నేను కూడా ఆయన్ని ఇన్నేళ్లుగా ఎరుగుదును కాబట్టి ఆ మాట గట్టిగా అనలేకపోయాను.

ఆ సాయంత్రం నేను వెళ్లి బానెట్ ఎత్తి చూశాను. అంతకుముందు ఎప్పుడూ ఎత్తలేదు. లోపల ఎండుటాకులు, ఒక పిట్ట ఈక, ఏదో పిల్లల చాక్లెట్ కాగితం, ఇంజను నిండా దుమ్మూ జిడ్డూ కలిసి గట్టిపడిన నల్లటి పొర. మూలల్లో అది ముద్దలుగా ఉంది. వేలితో గీరితే వేలు గుర్తుపట్టలేనట్టు తయారైంది. ఒక మనిషి పనిగట్టుకుని మన ఇంటికొచ్చి చూడబోయే చోటు అది. ఇంటికి మనిషి వస్తున్నాడంటే అలాంటి చోటు అలాగే వదిలేయడం నాకు చేతకాదు. ఇందులో నేను ఇంతకంటే ఎక్కువ ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సిందని తర్వాత అందరూ అన్నారు, మా ఆయన రెండుసార్లు అన్నారు.

శనివారం పొద్దున్నే మా ఆడపడుచు పాపని వాళ్ల పక్కింట్లో అప్పగించి వచ్చింది. మా అత్తగారు వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆవిడ సాయం చేయరు గాని, ఆవిడ చూస్తుండగా పని చేస్తే పని త్వరగా అవుతుందని ఆవిడ నమ్మకం. మా ఆయన మొక్కలకి నీళ్లు పట్టే గొట్టం భుజాన వేసుకుని వచ్చారు.

"గొట్టం పెట్టి నాలుగు వైపులా కొట్టేస్తే క్షణంలో అయిపోదా?" అన్నారు.

అయిపోతుంది, బండి కూడా అయిపోతుంది అన్నాను. లోపల కరెంటు తీగలున్నాయి, ఫ్యూజులున్నాయి, ఇంజను గాలి పీల్చే గొట్టం ఉంది, వాటిలోకి నీళ్లు పోతే సోమవారం కాదు గదా వచ్చే సోమవారానికి కూడా బండి కదలదు. ఆయన గొట్టం మళ్లీ భుజాన వేసుకుని మొక్కల దగ్గరికి వెళ్లారు. మొక్కలకి ఆ రోజు రెండుసార్లు నీళ్లు అందాయి.

బండితో పాటు ఇచ్చిన పుస్తకం నేను ముందురోజు చదువుకున్నాను. ఇంజను వేడిగా ఉండగా చేయకూడదు కాబట్టి రాత్రి నుంచి తాళమే పెట్టనివ్వలేదు. కొంగు నడుముకి బిగించి దోపుకున్నాను, మా ఆడపడుచుని గాజులూ ఉంగరమూ తీసి లోపల పెట్టి రమ్మన్నాను. ఇద్దరం రబ్బరు చేతితొడుగులు వేసుకున్నాం. బండి కింద పాత దుప్పటి ముక్కలు పరిచాను, కారే జిడ్డు వీధి కాలవలోకి పోకుండా. ఊరి నీళ్లు శుభ్రం చేసే ఉద్యోగానికి వెళ్లే మనిషి బండి కడిగి ఆ జిడ్డు కాలవలో కలిపితే బాగుండదని మా ఆడపడుచు తనే అంది. ఆ రోజు మొదటిసారి నవ్వింది కూడా.

తర్వాత బ్యాటరీ. దానికి రెండు తీగలుంటాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. స్పానరు తన చేతికిచ్చాను, తన బండి కాబోతోంది కదా అని. తను తిన్నగా ఎర్రదాని మీదికి వెళ్లింది.

"నల్లది ముందు," అన్నాను.

"ఏదైతేనేం, రెండూ విప్పాల్సినవే కదా వదినా?"

"నల్లది ముందు విప్పాలి. బిగించేటప్పుడు నల్లది చివర."

మా అత్తగారు కుర్చీలోంచి ఎందుకని అడిగారు. ఆవిడకి కారణం చెప్పకుండా ఏ పనీ ముందుకు సాగదు. బండి ఇనుమంతా నల్ల తీగతోనే కలిసి ఉంటుంది, అది ఉండగా ఎర్రది విప్పబోతే, చేతిలో స్పానరు పొరపాటున పక్కనున్న ఇనుముకి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి, చెయ్యి కాలుతుంది, బ్యాటరీ పేలినా పేలుతుంది, అదే నల్లది ముందు విప్పేస్తే తర్వాత ఏది దేనికి తగిలినా ఏమీ కాదు అని చెప్పాను. అత్తగారు తలాడించారు. మా ఆడపడుచు కూడా తలాడించింది. ఆమె తల ఊపే తీరు నాకు తెలుసు. కాలేజీలో పాఠాలకి కూడా అలాగే ఊపేదట.

ఫ్యూజుల పెట్టెకీ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుకీ, గాలి గొట్టం మూతికీ, బ్యాటరీకీ ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లతో కట్టాం. అప్పుడు లోపల చూస్తే బండికి ఎక్కడికో ప్రయాణం కట్టినట్టు కనబడింది. మెత్తటి పెయింటు కుంచెతో పొడిదుమ్ము దులిపాం, ఆకులు ఏరాం. జిడ్డు వదిలించే ద్రావణం నీళ్లలో కలిపి, దాన్ని ఇంజను మీద కాకుండా గుడ్డ మీద చల్లుకుని ఆ గుడ్డతో కొద్దికొద్దిగా తుడుచుకొచ్చాం. వేలు పట్టని సందుల్లో పాత టూత్‌బ్రష్షులు. బెల్టు మీద చుక్క పడనివ్వలేదు, పడితే జారుతుంది. తుడిచిన చోటల్లా తడి పిండిన గుడ్డతో మళ్లీ, పొడిగుడ్డతో మళ్లీ. మధ్యాహ్నానికి నా టూత్‌బ్రష్షులన్నీ పనికిరాకుండా పోయాయి. మా ఆయన వచ్చి తన బ్రష్షు కూడా వాటిలో ఉందేమో చూసుకుని వెళ్లారు.

ఒకచోట మాత్రం నేను కాసేపు ఆగాను. ఆయిలు పోసే మూత కింద, ఇంజను పక్కన, అరచేయంత మేర జిడ్డు పచ్చిగా ఉంది. మిగతాచోట్ల పొడిగా గట్టిపడితే ఇక్కడ తడిగా మెరుస్తోంది. ఇదేమిటని మా ఆయన్ని పిలిచి అడిగాను. కిందటిసారి ఆయిలు పోస్తూ ఒలికించానని ఆయన అన్నారు. ఆయన ఏది ఒలికించినా ఒలికించలేదనే అంటారు, ఈసారి అడగ్గానే ఒప్పుకున్నారు. అందుకని నాకు నమ్మకం కుదరలేదు. అయినా అప్పటికి నా చేతిలో గుడ్డ ఉంది. చేతిలో గుడ్డ ఉండగా ఎదురుగా మరక ఉంటే నేను ఏం చేస్తానో నాకు ముందే తెలుసు. తుడిచేశాను.

సాయంత్రం దాకా బానెట్ తెరిచే ఉంచి ఆరనిచ్చాం. సంచులు తీసేసి, ఎర్రది బిగించి, ఆఖర్న నల్లది బిగించి తాళం తిప్పితే ఇంజను ఒక్క పలుకులో అందుకుంది. లోపల ప్రతి గొట్టమూ ప్రతి మూతా కనిపిస్తున్నాయి, మూతల మీద అచ్చు వేసిన అక్షరాలతో సహా. మా అత్తగారు లేచి వచ్చి తొంగిచూసి, మన వంటింట్లో చెంచాల సొరుగు కూడా ఇలా లేదన్నారు. ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నదే, కానీ ఆ రోజు నాకు పట్టలేదు.

ఆదివారం సర్వేయరుగారు వచ్చారు. ఆయనకి నేను చెల్లెమ్మని, నాకు ఆయన అన్నయ్యగారు. టీ తాగమంటే చూశాక తాగుతానన్నారు. జేబులోంచి టార్చి తీశారు, బండి కింద చూసేందుకు కర్రకి బిగించిన చిన్న అద్దం తీశారు, కళ్లజోడు మార్చుకున్నారు. టైర్లు చూశారు. తలుపులు తెరిచి మూశారు. అప్పుడు బానెట్ ఎత్తారు.

ఎత్తి, అలాగే నిలబడ్డారు. టార్చి వెలిగించలేదు. అవసరం లేనంత వెలుగు లోపలే ఉంది. మేమంతా చెంచాల సొరుగు గురించిన మాట ఆయన కూడా అంటారని ఎదురుచూస్తున్నాం.

"కడిగారా?" అన్నారు.

"కోడలు నిన్న పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచింది అల్లుడుగారూ," అన్నారు మా అత్తగారు. ఆవిడ నన్ను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ, అది అందులో ఒకటి, అదీ ఇలా వచ్చింది.

"ఎందుకు కడిగారు?"

మురికిగా ఉందని అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశారు. కోపం లేదు. మునిగిన బండి యజమాని వైపు కూడా అలాగే చూస్తారేమో.

"మురికే కదా చెల్లెమ్మా సాక్ష్యం," అన్నారు.

తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పారు. ఇంజను ఎక్కడ కారుతోందో, ఎంతకాలంగా కారుతోందో, ఏ గొట్టం చిట్లిందో, అంతా ఆ దుమ్ములోనే తెలుస్తుందట. కారే చోట దుమ్ము తడిసి ముద్దవుతుంది, కారని చోట పొడిగా సమంగా ఉంటుంది. అందుకే, దాచాల్సింది ఉన్నవాళ్లే చూపించే ముందు కడుగుతారు. ఆయన ఇన్నేళ్ల సర్వీసులో కడిగిన ఇంజను కింద ఏమీ లేకుండా చూసింది చాలా తక్కువ. ఇక్కడ ఏమైనా తడి ఉండేదా అని ఆయన అడిగారు. వేలు సరిగ్గా ఆయిలు మూత కింద పెట్టి అడిగారు.

ఉండేదన్నాను. ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. తెలియదన్నాను. మా ఆయన, అది నేను ఒలికించిందే బావగారూ అన్నారు. అన్నయ్యగారు ఆయన వైపు చూశారు గాని ఆ మాటని లెక్కలోకి తీసుకున్నట్టు కనబడలేదు. నేను మా ఆడపడుచు వైపు చూడలేకపోయాను. ఆమె ఉద్యోగాన్ని పాత బనీను ముక్కతో శుభ్రంగా తుడిచి, పిండి, ఆరేసింది నేనే.

"బాగుందనీ అనలేను, బాగాలేదనీ అనలేను," అన్నారు ఆయన. "మళ్లీ మురికి పట్టాలి. అప్పుడు చూస్తాను."

మా ఆడపడుచు బానెట్ అంచు పట్టుకుని నిలబడి ఉంది. తలెత్తలేదు.

"మురికి ఎలా పడుతుంది?" అంది.

"నడిపితే పడుతుంది."

"ఎక్కడికి నడపాలండీ?"

ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. మా అత్తగారు ఆయన కంటే ముందు తెరిచారు.

"ఆ నీళ్ల ఆఫీసుకి నడుపుతుంది. రేపట్నుంచి పొద్దున్నే పోయి రమ్మనండి. కంకర లారీలు తిరిగే దారట, అంత దుమ్ము ఇంకెక్కడ దొరుకుతుంది మనకి?"

అన్నయ్యగారు ఆలోచించారు. ఆయన పెట్టిన షరతు ఆయన ముందే నిలబడి ఉంది. అందులో ఎక్కడా చిల్లు లేదు. చిల్లు ఉంటే ముందుగా కనబడేది ఆయనకే. చివరికి, పరిశీలనలో ఉన్నంతవరకూ నడపవచ్చు అన్నారు. టీ తాగారు. చక్కెర సరిపోయిందా అని అడిగితే, చూడాలి అనలేదు గాని గ్లాసు మాత్రం వెలుగుకి ఎత్తి చూశారు.

సోమవారం మా ఆడపడుచు ఉద్యోగంలో చేరింది. మా కారు ఆమె ఇంటి ముందుకి మారింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లు ముగ్గురూ మా ఇంటికి రావాలని అనుకున్నాం, ఎందుకంటే మొదటిసారి ఏ చోట, ఏ వెలుగులో చూశారో అక్కడే చూడాలని అన్నయ్యగారి పద్ధతి. మొదటి ఆదివారం బానెట్ ఎత్తి, పలచగా పట్టిన దుమ్ము చూసి, సరిపోదన్నారు.

ఆ తర్వాతి శనివారం మా ఆడపడుచు డ్యూటీ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. ఆ వారంలో ఆమె నడక మారింది. ఏ నీళ్లలో ఏది ఎంత ఉందో, పెద్ద ఇంజనీరు పొరబడితే తను ఎలా పట్టుకుందో నిలబడే చెప్పింది. తర్వాత కూర్చుంది.

"వదినా, దుమ్ము బాగానే పట్టింది," అంది, పాపకి జ్వరం తగిలింది అన్నట్టుగా.

మంచిదేగా, రేపు చూసి బాగుందంటారేమో అన్నాను.

"నేను వండిందే ఇన్నేళ్లలో ఒక్కసారి బాగుందనలేదు ఆయన. నీ బండిని అంటారా?" అంది. "ఒకసారి తేల్చేశాక ఇంక మార్చుకోరు కూడా. తేల్చకుండా ఉంటేనే నయం."

తను ఏమడగబోతోందో నాకు తెలిసింది, నాకు తెలిసిందని తనకీ తెలిసింది. అయినా అది అడగకముందే నేను లేచి బయటికి వెళ్లాను. బానెట్ ఎత్తి, ఆయిలు ఎంతుందో చూసే పుల్ల తీసి, తుడిచి, ముంచి, మళ్లీ తీసి చూశాను. చేరిన రోజున ఎక్కడుందో ఆయిలు అక్కడే ఉంది, గోరంత కూడా తగ్గలేదు. వాళ్లింట్లో రాత్రిపూట బండి కింద అట్టముక్క వేస్తున్నావా అని అడిగాను. వేస్తున్నానంది, ఒక్క చుక్క లేదంది. మూత కింద దుమ్ము పొడిగా ఉంది. మా ఆయన ఒలికించానని చెప్పింది నిజమే అన్నమాట. ఆయన్ని నమ్మకపోవడం అలవాటైపోయి నేను ఒక్కసారి నష్టపోయాను.

"కారితే మాత్రం నేనే తాళం లాక్కుంటాను," అన్నాను.

"లాక్కో. అప్పటిదాకా ఎలా తుడవాలో చెప్పు."

చెప్పాను. వారం వారం దులపడానికి ద్రావణం అక్కర్లేదు, కుంచె, పొడిగుడ్డ చాలు. చల్లారాకే మొదలుపెట్టాలి. తీగలు మాత్రం విప్పాలి, దులపడమే కదా అని అశ్రద్ధ చేయకూడదు. నల్లది ముందు. పూర్తిగా తళతళలాడించకు, కాస్త ఉంచు, అని కూడా అన్నాను. ఈ ఆఖరి మాట అనడం నాకు కష్టమైంది. జీవితంలో ఎవరికీ అలాంటి సలహా ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి శనివారం సాయంత్రాలు, అన్నయ్యగారు సైటు పని మీద వెళ్లాక, ఆమె తన ఇంటి ముందు బానెట్ ఎత్తేది. మొదట్లో ఒకసారి ఫోను చేసి, నల్లదా ఎర్రదా వదినా అని అడిగింది. తర్వాత అడగలేదు కాబట్టి వంటబట్టిందనుకున్నాను. ఆదివారాలు ఆయన టార్చి వేసి చూసేవారు, సరిపోదనేవారు, టీ తాగేవారు. ఒకసారి, ఆ దారిలో దుమ్ము తగ్గిందా అని అడిగారు. లారీలు తిరిగే చోట నీళ్లు చల్లిస్తున్నారట అన్నారు మా అత్తగారు. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇలా ఎండలు పోయి వానలు వచ్చాయి. మొదటి పెద్దవానకి జలాశయంలోకి బురదనీళ్లు వచ్చిపడ్డాయి. ఆ వారమంతా ల్యాబులో తెరిపి లేదు. మా ఆడపడుచు శనివారం కూడా పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చింది. ఆదివారం పొద్దున కూడా పిలిచారు. అక్కణ్నుంచే తిన్నగా మా ఇంటికి వచ్చింది. అన్నయ్యగారూ పాపా అప్పటికే వచ్చి ఉన్నారు. ఆమె బండి దిగుతూ నా మొహం చూసింది. నేను బండి చూశాను. చక్రాల నుంచి తలుపుల దాకా బురద ఎండి పెచ్చులు కట్టి ఉంది. లోపల ఎలా ఉంటుందో ఎత్తకుండానే చెప్పవచ్చు.

ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ వచ్చే వారంలోనే ఇస్తారు. అది అందరికీ తెలుసు, అన్నయ్యగారితో సహా.

భోజనం అయ్యాక చూడవచ్చు కదా అని నేను అన్నాను. చూశాకే అన్నారాయన. మా ఆయన, ఇవాళ మబ్బుగా ఉంది బావగారూ, వెలుగు సరిగ్గా లేదేమో అన్నారు. ఆయనకి ఆ మాత్రం తోచడం నాకు ఆశ్చర్యం కలిగించింది. టార్చి ఉందన్నారు అన్నయ్యగారు.

బానెట్ ఎత్తారు. లోపల ఇంజను ఒకే రంగులో ఉంది. గొట్టాలూ మూతలూ పెట్టెలూ అన్నిటి మీదా మట్టి సమంగా, దట్టంగా, దుప్పటి కప్పినట్టు పట్టింది. మూతల మీది అక్షరాలు ఒక్కటీ కనబడటం లేదు. ఆ రోజుకి ఇంతకంటే మంచి సాక్ష్యం ఊళ్లో ఏ బండిలోనూ ఉండి ఉండదు. ఆయన టార్చి వేసి మూల మూలా చూశారు. అద్దం కిందికి పెట్టి చూశారు. ఆయిలు మూత కింద ఎక్కువసేపు చూశారు. తర్వాత ఇంజను మూత మీద వేలితో ఒక గీత గీశారు. గీత లోతుగా పడింది. మట్టి అంటిన వేలిని ఆయన కళ్లజోడు ముందుకి తెచ్చుకుని చూశారు.

మా ఆడపడుచు పాప జడ అల్లడం మొదలుపెట్టింది. అది అప్పటికే అల్లి ఉంది.

"సరిపోదు," అన్నారు ఆయన.

మా అత్తగారు ఆగలేకపోయారు. ఆవిడ తొంగిచూసి, ఆ వేలు చూసి, ఆ గీత చూసి, "ఇంకెంత కావాలి అల్లుడుగారూ, పెరట్లోంచి తట్టెడు తెప్పించమంటారా?" అన్నారు.

"సరిపోదు అత్తయ్యగారూ," అన్నారాయన మళ్లీ, అదే గొంతుతో. జేబురుమాలుతో వేలు తుడుచుకుని, మట్టి లోపలికి వచ్చేలా దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇంకా కొన్నాళ్లు నడవాలి."

మా ఆడపడుచు పాపని తీసుకుని లోపలికి వెళ్లింది. కంచాలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువ చప్పుడు. మా అత్తగారు మా ఆయన్ని వెంటబెట్టుకుని లోపలికి నడిచారు. నేను బానెట్ దించడానికి వెళ్తే ఆయన ఆగమని, తనే రెండు చేతులతో మెల్లగా దించి నొక్కారు.

"చెల్లెమ్మా, బ్యాటరీ తీగల్లో ముందు నల్లది విప్పాలని ఆవిడకి ఇంకోసారి చెప్పమ్మా," అన్నారు. "రెండుసార్లు ఎర్రది ముందు విప్పింది."

నేను బానెట్ మీది నుంచి చెయ్యి తీయలేదు. సైటు పని ఉంటుందన్నారు కదా అన్నయ్యగారూ శనివారాలు, అన్నాను.

ఉంటుందని చెబుతాను, అన్నారు. వాళ్ల ఎదురింటి మేడమెట్ల మీద నుంచి అంత బాగా కనబడదట. అయినా ఎర్రదే అని చెప్పగలనన్నారు. స్పానరు ఇనుముకి తగలకుండా దానికో గుడ్డ చుట్టి సామాన్ల పెట్టెలో పెట్టానని, ఆవిడ అది గమనించి ఉండదని కూడా అన్నారు.

ఆ మాట మీరే చెప్పవచ్చు కదా అన్నాను.

"నేను చెబితే చూశాననే కదా," అన్నారాయన. "చూశాక ఏదో ఒకటి తేల్చాలి."

భోజనానికి లేవమని లోపల్నుంచి పిలిచారు. ఆయన కళ్లజోడు మార్చుకుని, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లి కంచం ముందు కూర్చున్నారు. మొదటి ముద్ద తిన్నారు. నేను ఎలా ఉందని అడగలేదు.

ఆ తర్వాతి వారం మా ఆడపడుచు ఉద్యోగం ఖాయమైందని ఫోను చేసింది. సంతోషం చెప్పాక, తీగల సంగతి ఎత్తాను. నల్లది ముందు విప్పుతున్నావా అన్నాను. విప్పుతున్నానంది. రెండుసార్లు ఎర్రది విప్పావు, అన్నాను.

ఎవరు చూశారని ఆమె అడగలేదు.

"నల్లది ముందు," అంది.

"నల్లది ముందు," అన్నాను.